కరగని నమూనా

"ఆదివారం కూడా వాటికి తిండి పెట్టాల్నా?" అన్నాడు హారూన్.

నేను పెనం మీది జొన్నరొట్టెను తిరగేస్తున్నాను. ఆయనకు మూడు, అత్తమ్మకు ఒకటిన్నర, మా అమ్మాయి జాస్మిన్‌కు ఒకటి, మిగిలిన సగం పొయ్యి దగ్గర నిలబడే నేను తినడానికి. అది తిని, గిన్నెలు నానేసి, స్కూటీ మీద ఎమ్మిగనూరు రోడ్డులో ఉన్న మా ల్యాబుకు పోయి, పదకొండుకల్లా తిరిగొచ్చి కూర వండాలి.

ఆయన అడిగింది ల్యాబులో నేను పెంచే కణాల గురించి. మనిషి చర్మంలోంచి తీసిన కణాలవి. ప్లాస్టిక్ సీసాల అడుగున అతుక్కుని, గులాబీ రంగు ద్రవంలో బతుకుతుంటాయి. రెండు రోజులకొకసారి పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి. పోయకపోతే చచ్చిపోతాయి. వాటికి ఆదివారమనీ, పండగనీ, ఇంటికి చుట్టాలొచ్చారనీ తెలీదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదంతా చెబితే హారూన్ నవ్వి, "ఇంట్లో వంట సాలదని ఆడ కూడా వంటమనిషివే అయితివా" అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా చెబుతాడు. నేను టీ గ్లాసులు అందిస్తూ ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడతాను. మా అత్తమ్మ ఫాతిమా బీ మాత్రం ఒకసారి నిజంగానే తెలుసుకోవాలని అడిగింది, "అవి ఏం తింటాయి బేటీ?" అని. చక్కెర, ఉప్పులు, దూడ రక్తంలోంచి తీసిన నీళ్ళు అని చెప్పాను. ఆమె "అయితే మనకంటే మేలే" అంది.

మా నాయన ఎమ్మిగనూరులో పరుపులు కుట్టేవాడు. దూది ఏకే దుమ్ముకు దగ్గుతూనే నన్ను కర్నూల్లో ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదివించాడు. పెళ్ళిచూపులప్పుడు ఆ సర్టిఫికెట్ ఈ ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరిగింది. పెళ్ళయ్యాక బీరువాలో చీరల కిందికి పోయి ఎనిమిదేళ్ళు అక్కడే ఉంది. ఆదోనిలో మూతపడ్డ ఒక జిన్నింగు మిల్లు పై అంతస్తులో మహేంద్ర అనే ఆయన టెస్టింగ్ ల్యాబు పెట్టాక మళ్ళీ బయటికొచ్చింది. "ఇంటి పనికి తేడా రాకుండా సూసుకుంటానంటే పో" అని హారూన్ ఒప్పుకున్నాడు. తేడా రాకుండానే చూసుకున్నాను. నాలుగున్నరకు లేచే మనిషిని నాలుగింటికి లేచాను, అంతే.

మొదట్లో మాకు గానుగ నూనెలు, పశువుల దాణా వచ్చేవి. రెండు నెలలకే బెంగుళూరు నుంచి ఒకామె వచ్చి మూడు వారాలు ఉండి నాకు కణాల పని నేర్పి పోయింది. ఏదైనా వస్తువు చర్మానికి చేటు చేస్తుందో లేదో చూడటానికి ఒకప్పుడు కుందేలు వీపు గొరిగి పూసేవాళ్ళట. ఇప్పుడు ఆ నమూనాను ద్రవంలో కలిపి, తొంభై ఆరు చిన్న గుంటలున్న ప్లేటులో కణాల మీద పోసి, ఒక రోజు ఆగి, ఎన్ని బతికాయో చూస్తాం. బతికున్న కణం పసుపు రంగు మందును ఊదాగా మారుస్తుంది. చచ్చింది మార్చలేదు. మిషను ఆ ఊదాను కొలిచి వందకు ఇన్నని చెబుతుంది. ఏడేళ్ళుగా ఆ గదిలో నేనొక్కదాన్నే. కానీ మా రిపోర్టుల్లో "పరీక్షించినవారు" అన్న చోట ఉండేది మహేంద్ర సార్ భార్య మహేశ్వరి పేరు. ఆమె కూడా ఎం.ఎస్సీ.నే. పిల్లల చదువుల కోసం కర్నూల్లో ఉంటుంది. ఈ ఏడేళ్ళలో ఆమెను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఆయుధపూజకు మిషన్లకు కుంకుమ పెట్టడానికి వచ్చినప్పుడే. ఒకసారి ధైర్యం చేసి అడిగితే సార్, "ల్యాబు రిజిస్టర్ అయింది మేడం సర్టిఫికెట్ మీద కదమ్మా. పేరులో ఏముంది, పని నీదే కదా" అన్నాడు. పని నాదే. అందులో ఎవరికీ పేచీ లేదు.

మా ఇంటి పెరట్లో మెహందీ కోన్ల పని నడుస్తుంది. మా మామ చనిపోయిన ఏడాది అత్తమ్మ మొదలుపెట్టింది. మైదాకు ఎండబెట్టి, దంచి, గుడ్డలో జల్లించి, నిమ్మరసంతో కలిపి, ప్లాస్టిక్ కాగితం చుట్టి కోన్లు చేసి బజారుకు పంపేది. ఆ కోన్లతోనే హారూన్‌ను, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. హారూన్ చేతికొచ్చాక కోన్ల మీద "హారూన్ గోల్డ్" అని పేరు పడింది. ఆకు పొడి రాజస్థాన్ నుంచి, అందులో కలిపే నూనె హైదరాబాద్ నుంచి డబ్బాల్లో రావడం మొదలైంది. నల్లగా, చిక్కగా, తారులాగా ఉంటుంది ఆ నూనె. అందులో ఏమేమి ఉన్నాయో అమ్మేవాడికి కూడా సరిగ్గా తెలీదు. అది కలిపితే పది నిమిషాల్లో చెయ్యి ఎర్రగా పండుతుంది. రోజూ ఆరుగురు ఆడవాళ్ళు వచ్చి ముద్ద కలిపి కోన్లలో నింపుతారు. నేను ల్యాబు నుంచి వచ్చాక, జాస్మిన్ బడి నుంచి వచ్చాక, లేబుళ్ళు అంటిస్తాం.

ఈ జనవరిలో బెంగుళూరు కంపెనీ ఒకటి హారూన్‌కు ఫోన్ చేసింది. రంజాన్‌కు ముందు పెద్ద ఎత్తున కోన్లు తీసుకుంటామని, అయితే చర్మానికి హాని లేదని ల్యాబు రిపోర్టు కావాలని. పరీక్ష స్వయంగా చేసిన మనిషే సంతకం పెట్టాలని, వీడియోలో ఆ మనిషిని చూపించాలని కూడా అడిగారు. ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. నడవలో హారూన్ ఫోన్‌లో గట్టిగా అంటున్నాడు, "మా ఇంట్లోనే సైంటిస్టు ఉంది సార్. నా వైఫే. ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ." పదిహేనేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. సిగ్గు విడిచి చెప్పాలంటే, నాకు సంతోషమేసింది. ఆ రోజు కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు మహేంద్ర సార్ నన్ను పిలిచి, "ఈ ఒక్కదాంట్లో నీ పేరే వేద్దాంలేమ్మా. మీ ఇంటిదే కదా" అన్నాడు.

కోన్లలో కలిపే నూనెనే నమూనాగా పంపించారు. సీసా మూత తీయగానే ఘాటు కళ్ళకు తగిలింది. లవంగ నూనె, కిరసనాయిలు, ఇంకా పేరు తెలియని ఏవో. ఇట్లాంటి వాటితో ఉండే చిక్కే ఇది. ఒక రసాయనమైతే ఫలానా అని తెలుస్తుంది. ఇది యాభయ్యో అరవయ్యో కలిసిన ముద్ద, అందులో సగం నీళ్ళ మొహం చూడనివి. నేను దాన్ని గులాబీ ద్రవంలో వేసి ఎంత ఊపినా కలవలేదు. నల్లటి పూసలుగా విడిపోయి కొన్ని పైకి తేలాయి, కొన్ని అడుక్కి దిగాయి, కొన్ని ప్లాస్టిక్ గోడకు జిగటగా అంటుకున్నాయి. మధ్యలో ద్రవం మామూలుగా గులాబీ రంగులోనే ఉంది.

సార్‌కు చూపించాను. "వడకట్టి పైన తేట మీద చెయ్యి" అన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు. వడకట్టాను. నలుపంతా ఫిల్టరు కాగితం మీద నిలిచిపోయింది. కింద దిగిన తేటను కణాల మీద పోశాను. మర్నాడు మిషను వందకు తొంభై ఏడు బతికున్నాయని చెప్పింది. సార్ రిపోర్టు టైపు చేయించాడు. "నమూనా చర్మ కణాలకు హానికరం కాదు." కింద గీత, ఆ గీత కింద నా పేరు. షాహిస్తా, ఎం.ఎస్సీ. నా పేరు అచ్చులో ఎట్లా ఉంటుందో చాలాసేపు చూశాను. పక్క సోమవారం కంపెనీ వాళ్ళు వీడియోలో వస్తారు, అప్పుడు సంతకం పెట్టాలి.

ఆ శనివారం పెరట్లో కోన్లు ఐదుగురే నింపుతున్నారు. ఆరో మనిషి హులిగెమ్మ మధ్యాహ్నం దాటాక వచ్చింది. మొహం మాడిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

"బియ్యానికి పోయినా అక్కా. మిషన్ మీద వేలు పెట్టమన్న్యాడు, పెట్టినా. పడలేదు. ఇంకో వేలు పెట్టమన్న్యాడు. పది వేళ్ళూ పెట్టినా. ఒగటీ పడలేదు. ఎనక జనం తిడతాండారు. ఇంట్లో ఇంగెవురన్నా ఉంటే పిల్సకరాపో అన్న్యాడు. నాకెవురుండారు? ఆ మిషన్ లెక్కల నేను లేను అక్కా."

చెయ్యి చూపించమన్నాను. ఆమె ముందు చీరకు తుడుచుకుంది. కుడిచేతి వేళ్ళ కొసలు నున్నగా, ఎర్రగా, కాలిన చోట కొత్త చర్మం వచ్చినట్టు మెరుస్తున్నాయి. గీత అనేది లేదు. బొటనవేలి పక్కన పొర లేచి పచ్చిగా ఉంది.

"ఎన్ని రోజులైంది ఇట్లయి?"

"రోజులా? రెండేండ్లాయె. మీ నూనెకే కదా. పొర లేస్తాది, మళ్ళా వస్తాది, మళ్ళా లేస్తాది. హారూనన్న గ్లౌజులు తెచ్చినాడు గానీ, అవి ఏసుకుంటే కోను ముడి పడదు. నువ్వు దినామూ సూస్తానే ఉండావు కదక్కా."

చూస్తూనే ఉన్నాను. ఆమె పక్కనే కూర్చుని లేబుళ్ళు అంటించాను. ఆ చేతుల్లోంచే కోన్లు అందుకున్నాను. ఏడేళ్ళుగా నా పని మనిషి చర్మం. మైక్రోస్కోపు కింద ఒక కణం ముడుచుకుంటే కనిపెట్టగలను. రెండు అడుగుల దూరంలో ఉన్న వేళ్ళను చూడలేదు. ఎందుకు చూడలేదని నన్ను నేను అడుగుతుంటే గుర్తొచ్చింది ఫిల్టరు కాగితం. హులిగెమ్మ తేటను పిసకడం లేదు. ఆమె వేళ్ళకు తగిలేది ఏదో, దాన్నే నేను వడకట్టి తీసి చెత్తబుట్టలో వేసి, మిగిలిన నీళ్ళకు పరీక్ష చేశాను.

ఆదివారం కణాలకు ద్రవం మార్చడానికి పోయి, ఆ పని మొదటినుంచీ మళ్ళీ చేశాను. బెంగుళూరు ఆమె నేర్పిందే. నీళ్ళల్లో కరగనివాటిని ముందు కరిగించుకోవడానికి డి.ఎం.ఎస్.ఓ. అని ఒక ద్రావకం ఉంటుంది. ప్లాస్టిక్ బదులు గాజు సీసా తీసుకుని, అందులో నూనెను నాలుగు చుక్కలు వేసి, గోరువెచ్చగా ఉంచి, గంటసేపు తిప్పితే నల్లటి ముద్ద విడిపోయి వెలుతురుకు ఎర్రగా కనిపించింది. దాంట్లోంచి సూదిమొనంత తీసి ద్రవంలో కలిపాను. ఈసారి పూసలు కట్టలేదు. కొన్ని గుంటల్లో ఉత్త ద్రావకమే వేశాను, ఒకవేళ కణాలు చస్తే ద్రావకం వల్లనా నూనె వల్లనా అని తెలియాలి కదా. మధ్యలో గ్లౌజు చిరిగి వేలికి తడి తగిలింది. ఆ ద్రావకం చర్మంలోంచి నిమిషాల్లో లోపలికి పోతుంది. ఇంటికి వచ్చేలోపు నా నోటినిండా వెల్లుల్లి రుచి. "ఏం తిన్న్యావు, దగ్గరికొస్తే వాసన" అని హారూన్ మొహం తిప్పుకున్నాడు. ఏం తినలేదన్నాను. నిజానికి ఆ పూట తినడానికి వీలు కాలేదు.

సోమవారం కంపెనీ వాళ్ళు వారం వాయిదా వేశారు. సార్ కర్నూలు పోయాడు. ప్లేటు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఉత్త ద్రావకం వేసిన గుంటల్లో కణాలు బండలు పరిచినట్టు ఒకదానికొకటి ఆనుకుని మామూలుగా ఉన్నాయి. నూనె వేసిన గుంటల్లో నేల ఖాళీ. కణాలు గుండ్రంగా ముడుచుకుని, పట్టు వదిలేసి, దుమ్ములాగా తేలుతున్నాయి. అన్నిటికంటే పలచగా వేసిన గుంటలో కూడా అంతే. నూనె రంగు లెక్కలో కలవకుండా రెండుసార్లు కడిగి, పసుపు మందు వేసి మిషనులో పెట్టాను. వందకు పదకొండు. మర్నాడు మళ్ళీ చేశాను, తొమ్మిది. శుక్రవారం మూడోసారి, పదమూడు. మూడుసార్లూ నా సొంత నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ వారమంతా ఇంట్లో మాట్లాడకుండా పనిచేశాను. నేను మాట్లాడటం లేదని ఎవరూ గమనించలేదు.

శనివారం సార్ ముందు పెట్టాను. ఆయన అంకెలు చూసి, నన్ను చూసి, తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"ఎవరు చెయ్యమన్నారు ఇది?"

"వడకడితే నమూనా మొత్తం ఫిల్టరు మీదనే ఉండిపోతాది సార్. ఉత్త నీళ్ళకు చేసినట్టే కదా."

"చూడమ్మా షాహిస్తా. వాళ్ళు అడిగిన పరీక్ష మనం చేసినాం. వడకట్టినామని రిపోర్టులో చిన్నగా రాసే ఉంది. చదువుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం. చేతికి పూసుకునేది ద్రావకంలో కరిగించి పూసుకోరు కదా? నువ్వు కావాలని చంపినావు."

"పూసుకునేది వడకట్టి కూడా పూసుకోరు కదా సార్."

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "ఇది మీ ఇంటిది" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "నీకేమైంది? నీ మొగుని కడుపు మీద నువ్వే కొడతావా? ఇంటికి పోయి ఆయన్ని అడిగి రా."

అడగడానికి కాదు గానీ, చెప్పడానికి చెప్పాను. ఆదివారం పొద్దున, హారూన్ పెరట్లో కొత్త డబ్బాలు దించుకుంటుంటే. జాస్మిన్ ట్యూషన్‌కు పోయింది. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఆ నూనె మంచిది కాదు. మూడుసార్లు చూసినా. హులిగెమ్మ వేళ్ళు చూడండి, మీకే తెలుస్తాది. నూనె లేకుండా, మునుపటి మాదిరి ఆకుతోనే చేద్దాం."

"ఆకుతో చేస్తే రాత్రంతా ఉంచుకోవాల. ఈ కాలంల ఎవురుంచుకుంటారు?" హారూన్ డబ్బా కింద పెట్టాడు. "ఊరంతా ఇదే నూనె వాడ్తాండారు. ఎవురన్నా సచ్చినారా? నిన్ను ఒక సంతకం అడిగినా. పదైదేండ్లల్ల ఒక్క సంతకం. ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్నా అడిగినానా నేను?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఎప్పుడూ ఏమీ అడగలేదు. నాలుగింటికి లేవమని అడగలేదు, లేచాను. ఆయన తల్లికి మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు రెండు నెలలు బాత్రూముకు మోసుకుపొమ్మని అడగలేదు, పోయాను. రెండోసారి కడుపు పోయిన మూడోరోజే లేబుళ్ళ పనికి కూర్చోమని అడగలేదు, పండగ సీజనని నేనే కూర్చున్నాను. జీతం పడగానే ఫోన్ ఆయన చేతికివ్వమని కూడా అడగలేదు. అడిగి ఉంటే ఇస్తానో ఇవ్వనో అనే ఆలోచన ఒకటి నాకు వచ్చేది. అడగకుండానే అన్నీ అందుతుంటే అడిగే అవసరం ఎవరికి వస్తుంది? ఇప్పుడు మొదటిసారి అడగాల్సి వచ్చింది, ఎందుకంటే ఇది నా చెయ్యి కదలకుండా జరిగే పని కాదు.

"ఈ ఒక్కటి అడగొద్దు" అన్నాను.

"సదువుకున్నదాన్ని తెచ్చుకుంటే ఇట్లే అయితాదని మా మామలు సెప్పనే సెప్పిరి" అన్నాడు. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, "సూడమ్మా నీ కోడలు. పాతికేండ్ల సంది నువ్వు నిలబెట్టిన పని ఇది. ఏమన్నా సెప్పు" అన్నాడు.

అత్తమ్మ చింతపండు మీదనుంచి తల ఎత్తలేదు. పిక్క తీసి పక్కన వేస్తూ, వేస్తూ అంది.

"జాస్మిన్ సేతికి నేను ఎప్పుడన్నా కోన్ పెట్టినానా?"

ఇంకో చింతపండు రెబ్బ చేతిలోకి తీసుకుంది.

ప్రతి పండక్కీ ముందురోజు అత్తమ్మ పక్కవీధి నుంచి పచ్చి మైదాకు తెప్పించి, రోట్లో రుబ్బి, మనవరాలి చేతులకు తనే పెడుతుంది. పాతకాలం మనిషి అలవాటులే అనుకున్నాను నేను. ఇంట్లో వేల కోన్లుండగా ఈ శ్రమ ఎందుకని ఒకసారి నవ్వాను కూడా. అత్తమ్మకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. హారూన్ వైపు చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. డబ్బా మూత బిగిస్తూ ఉన్నాడు, అప్పటికే బిగిసి ఉన్న మూతను. కూతురి చేతుల సంగతి ఆయనకూ తెలుసు. ఈ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళలో తెలియనిదాన్ని నేనే, పరీక్షలు చేసే మనిషిని.

సోమవారం వీడియోలో బెంగుళూరు ఆయన కనిపించాడు. సార్ నా ముందు కాగితం, పెన్ను పెట్టాడు. నేను సంతకం పెట్టలేదు. "ఇది నేను పెట్టను సార్" అని మాత్రం అన్నాను. సార్ వెంటనే నవ్వుతూ తెర వైపు తిరిగి, మేడంకు ఒంట్లో బాగాలేదు, రేపు పంపిస్తాం అన్నాడు. మర్నాడే పంపించారు. కర్నూలు నుంచి మహేశ్వరి మేడం సంతకంతో. మళ్ళీ వీడియో ఎవరూ అడగలేదు. సంతకం పెట్టే ముందు ఆమె ఆ కాగితం చదివిందో లేదో, వంట మధ్యలో చెయ్యి తుడుచుకుని పెట్టి ఇచ్చేసిందో నాకు తెలీదు. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

కణాల గది తాళం సార్ తీసుకున్నాడు. నన్ను కిందికి, దాణా పరీక్షల్లోకి మార్చాడు. నాలుగోరోజు అడిగాను, కణాలకు ద్రవం ఎవరు మారుస్తున్నారని. "వదిలేయమ్మా, కావాల్సినప్పుడు కొత్తవి తెప్పిస్తాం" అన్నాడు. కోన్లు లారీలో బెంగుళూరు పోయాయి. హారూన్ నాతో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా జాస్మిన్‌తో చెప్పిస్తాడు. రొట్టెలు మాత్రం మూడే.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఆరుగురి ముందూ కూర్చుని నాకు తెలిసిందంతా చెప్పాను. తెలుగులో, మామూలు మాటల్లో, ఆ నూనె చేసేది ఏమిటో. వాళ్ళు చేతులు ఆపకుండానే విన్నారు. నేను సంతకం పెట్టలేదని కూడా చెప్పాను. ఎవరైనా మంచి పని చేశావంటారని లోపల ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. కమలమ్మ అనే పెద్దామె అయ్యో అంది, అంతే.

హులిగెమ్మకు కోపమొచ్చింది. "ఇప్పుడు సెప్తాండావు. మాకు తెల్దా అక్కా మంట పుడతాదని? పత్తి ఏరను పోతే నడుము పోతాది, ఈడికొస్తే వేళ్ళు పోతాయి. నీ పరీచ్ఛల ఇంగో పని ఏమన్నా తేలిందా మాకు?"

తేలలేదని చెప్పాను. ఆమె కోను ముడి వేసి బుట్టలో పడేసింది. మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. శుక్రవారం నేను ల్యాబుకు సెలవు పెట్టి ఆమెతో కలిసి సచివాలయానికి పోయాను. వేలిముద్ర పడనివాళ్ళకు కంటిపాపతో బియ్యం ఇచ్చే దారి ఉందట, దరఖాస్తు రాసిచ్చాను. పదిహేను రోజులు పడుతుందన్నారు. ఆటోలో తిరిగొచ్చాం. దిగేటప్పుడు ఆమె, "నువ్వు కూడా ఆ నూనె ముట్టుకోవాకు అక్కా" అంది.

దాణా గదిలో పని తక్కువ. పాత రిజిస్టర్లు అక్కడే బీరువాలో ఉంటాయి. ఒకరోజు ఊరికే తెరిచాను. మొదటి ఏడాది పుస్తకం మూడో పేజీలో నా చేతిరాతే. తలనొప్పి బామ్, నమూనా ద్రవంలో కలవలేదు, వడకట్టి పరీక్షించడమైనది, తొంభై ఆరు. తర్వాత పేజీలో అగరుబత్తి ముద్ద, కలవలేదు, వడకట్టి, తొంభై ఎనిమిది. తలకు రాసే నల్ల నూనె. పసిపిల్లలకు పూసే మసాజ్ నూనె. నేల తుడిచే ఫినాయిలు. రిజిస్టరు తర్వాత రిజిస్టరు తిరగేశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. రిపోర్టుల మీద మహేశ్వరి పేరు ఉంది గానీ, వడకట్టిన చెయ్యి నాది. సార్ చెప్పాడు, చేశాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడగకుండా చేయడంలో నాకు అంత మంచి అభ్యాసం ఉంది. మొత్తం ముప్ఫై నాలుగు. అందులో ఎన్ని నిజంగా మంచివో, ఎన్ని కావో నాకు తెలీదు. తెలీదు అనే మాట మేము ఏ రిపోర్టులోనూ రాయలేదు.

ముప్ఫై నాలుగు పేర్లూ, చిరునామాలూ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. రెండు రోజులు పట్టింది. ఇది తెలిస్తే సార్ నన్ను ఉంచడు. ఆ సంగతి ఆలోచించుకున్నాకే ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. "అయ్యా, మీరు పంపిన నమూనా ద్రవంలో కరగలేదు. కరగని భాగాన్ని వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే పరీక్షించడం జరిగింది. కనుక హాని లేదని మీకిచ్చిన రిపోర్టుకు ఆధారం లేదు. ఆ పరీక్ష చేసింది నేను." కింద నా పేరు, చదువు, సంతకం. ముప్ఫై నాలుగింటికీ అదే ఉత్తరం. ముప్ఫై ఐదోదానికి, మా కోన్లదానికి మాత్రం ఇంకో పేరా కలిపాను. పదకొండు, తొమ్మిది, పదమూడు, అవి ఎట్లా వచ్చాయో వివరంగా. నోటితో చెబితే భార్య మాట. కాగితం మీద వస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. ముందు దాన్నే పంపాలనుకున్నాను.

పోస్టాఫీసులో జనం తక్కువగా ఉన్నారు. స్పీడ్ పోస్టు కౌంటర్లో ఉన్నామె కవరు తూకం వేసి, కంప్యూటర్లో కొట్టబోతూ ఆగి, కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చదివింది.

"ఏమ్మా, పంపేవాళ్ళ అడ్రసూ, తీసుకునేవాళ్ళ అడ్రసూ రెండూ ఒకటే రాసినావే. తప్పు పడినట్టుంది సూడు."

"తప్పు పడలేదమ్మా" అన్నాను. "అట్లే పంపు."